అన్నయ్యకు మొదటి చుట్ట

ఇదా? దీన్నా మీరు క్యూబా చుట్ట అంటున్నారు? తీసెయ్యండి బాబూ. ముందు ఆ పెట్టె నా కళ్ళ ముందు నుంచి తీసెయ్యండి.

గాజు మూత! చుట్టల పెట్టెకి గాజు మూత! వాళ్ళ దేశం నుంచి గాజు మూత పెట్టెలో ఒక్క చుట్ట కూడా బయటికి రాదు. ఆ సంగతి మీకు తెలుసు. నాకు తెలుసని మీకు తెలీదు, అంతే. తెల్లజుట్టు చూశారు, ముసలాడు, అద్దంలోంచి బంగారు కాగితం మెరిస్తే మురిసిపోతాడనుకున్నారు.

ఏదీ, ఒకటి ఇలా ఇవ్వండి. చెవి దగ్గర పెట్టి నొక్కుతున్నాను, విన్నారా? ఎండుటాకుల మీద పిల్లి నడిచినట్టు లేదూ? ఇక వాసన. మీరే చూడండి. చూడండీ, మీ సరుకే కదా! తడిసి ఆరిన గోనెసంచి. ఇందులో పొగాకు ఎంతో, చీపురుతో ఊడ్చి కూరిన చెత్త ఎంతో ఆ కూరినవాడికే తెలియాలి. ఛీ!

ఆ 'ఛీ' నాది కాదు లెండి. మా అన్నయ్యది. అరువు తెచ్చుకున్నాను. ఆ సంగతికి వస్తాను.

ఇదేమిటి? వెనిల్లానా? చుట్టకి వెనిల్లా ఏమిటి బాబూ, ఐస్‌క్రీమా? కొత్తవాళ్ళు ఇదే అడుగుతారా? కొత్తవాడు అడిగాడని పెళ్ళిపందిట్లో ఈలలు అమ్ముతామా? అవతల పెట్టండి. నా వేళ్ళకి అంటుకుంది, అంట్లు తోమినా పోయేట్టు లేదు.

ఈ అట్టముక్క మీద ఏం రాశారు? 'తోలు రుచి, తడిమట్టి రుచి, చివర్లో మిరియం.' ఓహో. తోలు నాకి చూసి రాసినవాడు ఎవడండీ? కాస్త చూపించండి, దణ్ణం పెట్టుకుంటాను.

మీ తప్పు కాదు. మీరు చేతులకి తొడుగులేసుకుని, మెడకి టై బిగించుకుని, ఎవడో రాసిచ్చింది అప్పజెబుతున్నారు. అదుగో, ఆ సోఫాలో కూర్చున్న పెద్దమనిషిని చూడండి. ఇందాకటి నుంచి నోట్లో పెట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నాడు. వెలిగించలేదు. వెలిగించడు కూడా. చివర కొయ్యనేలేదు, పొగ ఎక్కడి నుంచి వస్తుంది? ముద్ద నోట్లో పెట్టుకుని నమలకుండా ఫోటో తీయించుకున్నట్టుంది.

ఏమన్నారు? ఎవరికోసం అనా? అదీ మాట. అది మొదట అడగాల్సిన మాట. వైద్యుడు రోగిని చూడకుండా సీసా చేతికిచ్చినట్టు, మీరు ఇంతసేపూ పెట్టెలు దించుతున్నారు.

మా అన్నయ్యకి.

కొత్త. పూర్తిగా కొత్త. సిగరెట్టు కూడా పెదవికి తగిలించి ఎరగడు. వయసా? డెబ్బై ఎనిమిది.

నవ్వండి. నేనూ నవ్వాను. మా వదిన మొహం చూసి ఆపేశాను.

మా అన్నయ్య శానిటరీ ఇన్‌స్పెక్టరు. రిటైరై చాలా కాలమైంది, కానీ ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా ముందు తూము ఎక్కడుందో చూస్తాడు. ఆ తర్వాతే కుర్చీ. ఊళ్ళో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఛీఛీ ఇన్‌స్పెక్టరు అంటే మాత్రం రిక్షావాడు కూడా తిన్నగా మా ఇంటి ముందు దింపేవాడు.

ఎందుకంటే ఆయన రిపోర్టు అంతా ఆ ఒక్క మాటలోనే ఉండేది. హోటలు వంటింట్లోకి వెళ్ళేవాడు. బూట్లు గుమ్మం బయట విప్పేవాడు, లోపల దుమ్ము పడుతుందని కాదు, బూట్లకి లోపలి మురికి అంటుతుందని. మూకుడు దగ్గర వంగి ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, గాలి పీల్చేవాడు. 'ఛీ' అనేవాడు. అంతే. ఆ నూనె కాలవలోకి పోవాల్సిందే. బతిమాలుకున్నా, బెదిరించినా, పైవాళ్ళతో చెప్పించినా ఆ ఛీ వెనక్కి పోయేది కాదు. ఎంత పెద్ద హోటలు యజమాని అయినా ఆ ముక్కు వంక చూస్తూ ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాడు, పరీక్ష ఫలితాల కోసం పిల్లాడు నిలబడ్డట్టు.

ముక్కూ, గొంతూ. ఆయన ఉద్యోగానికి పనిముట్లు ఆ రెండే.

ఆ రెండూ ఎల్లుండి పోతున్నాయి.

కూర్చోమంటారా? అక్కర్లేదు. ఈ సోఫాలు మెత్తగా లోపలికి లాగేస్తాయి, నా వయసువాడు మళ్ళీ లేవాలంటే ఇద్దరు కావాలి. నిలబడే చెబుతాను.

క్యాన్సరు. గొంతులో పుట్టింది. స్వరపేటిక అంటారు, ఎప్పుడో బళ్ళో చదువుకున్న మాట. ఇప్పుడు డాక్టరు నోట మళ్ళీ విన్నాను. అది మొత్తం తీసేస్తారట. మెడకి ముందు ఒక కన్నం పెడతారట. ఇక ఊపిరి అంతా అందులోంచే. నోటిదాకా గాలి రాదు కాబట్టి మాట ఉండదు. ముక్కుదాకా పోదు కాబట్టి వాసన కూడా ఉండదు. 'మరి ముక్కెందుకండీ?' అంది మా వదిన, ఏడుస్తూనే. 'కళ్ళజోడు నిలబడాలి కదమ్మా' అన్నాడు మా అన్నయ్య. ఆ డాక్టరు నవ్వాలో మానాలో తెలీక కాగితాలు సర్దుకున్నాడు.

చుట్టలు తాగిన నాకు రావాలి కదా? మీరు అనలేదు, మీ కళ్ళు అన్నాయి. అందరూ అదే అంటున్నారు. మా వదిన అయితే మంచినీళ్ళ గ్లాసు ఇచ్చేటప్పుడు కూడా నా వైపు ఒక చూపు కలిపి ఇస్తోంది. డాక్టర్నే అడిగాను, మొహమాటం లేకుండా. నేను ఓడల మీద ఉండేవాణ్ణి, ఇంట్లో ఉన్నప్పుడు డాబా మీద తాగేవాణ్ణి, ఈయన కింద తలుపులు మూసుకుని ఉండేవాడు. నా పొగా కారణం అన్నాను. కాదు, ఏ కారణమూ లేకుండా కూడా వస్తుంది, వెతక్కండి అన్నాడు.

అన్నయ్యకి అక్కడే మండింది. కారణం లేకుండానా! మురికి కాలవకి కూడా ఒక కారణం రాసి సంతకం పెట్టిన మనిషాయన.

నిన్న సాయంత్రం పిలిచాడు. 'ఒరేయ్, ఇలా రా. తలుపు వేసి రా.' ఇప్పటికే గొంతు సగం పోయింది బాబూ, తలుపు కింద గులకరాయి పడి గచ్చు మీద ఈడుస్తున్నట్టుంటుంది. వెళ్ళాను.

'రేపు ఒకటి తీసుకురా.'

'ఏమిటి అన్నయ్యా?'

'అదేరా. నీ దరిద్రం.'

నా దరిద్రం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మొదట్నుంచీ దానికి అదే పేరు. 'నీ దరిద్రం మెట్ల మీద పడిపోయింది, తీసుకో' అనేవాడు. 'నీ దరిద్రం అయిపోతే కిందికి రా, అన్నం చల్లారిపోతోంది' అనేవాడు.

'మతిపోయిందా నీకు?' అన్నాను.

'మతి ఉంది కాబట్టే అడుగుతున్నా. డెబ్బై ఎనిమిదేళ్ళు ఉతికి ఆరేసుకున్నట్టు బతికానురా. చెయ్యని తప్పుకి శిక్ష పడింది. శిక్ష ఎలాగూ తప్పదు కదా, ఆ తప్పేదో చేసేస్తే లెక్క సరిపోతుంది. నాసిరకం తేకు. నువ్వు గొప్పగా చెప్పేవాడివే, ఆ దీవి. అక్కడిది తే.'

డాక్టరుకి తెలిస్తే అంటారా? తెలిసింది. ఆయన ఆపుతాడని మా వదినే ఫోను చేసి చెప్పింది. 'వద్దనే చెబుతానమ్మా, అది నా ఉద్యోగం. మీ డాబా ఎక్కి కాపలా కాయడం మాత్రం నా ఉద్యోగం కాదు' అన్నాడట. ఆవిడ ఫోను పెట్టేసింది. డాబా మీద రెండు కుర్చీలు తుడిచి వేయించింది.

అదీ సంగతి. ఇవాళ సాయంత్రం ఆయన ఒక్క చుట్ట తాగుతాడు. మొదటిదీ, చివరిదీ అదే. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో చేరాలి, బాగాలేకపోతే ఇంకోటి చూద్దాం అనడానికి లేదు. ఇప్పుడు చెప్పండి, వెనిల్లా ఇవ్వమంటారా?

పదండి, ఆ తేమ గది తలుపు తియ్యండి. అసలు సరుకు అక్కడ దాచి, ఇక్కడ మాకు గాజు మూతలు చూపిస్తున్నారు.

ఆహా. ఇదీ. ఈ చెక్క వాసన ఎన్నాళ్ళయింది!

నేను సరుకు ఓడల్లో స్టోర్స్ చూసేవాణ్ణి. తత్వశాస్త్రంలో బీఏ చదివి ఉల్లిపాయల బస్తాలు లెక్కపెట్టాను. ఉన్నదా లేదా అని కాలేజీలో వాదించాం కదా, ఓడ మీద అదే పని, ఉల్లిపాయలు ఉన్నాయా లేవా అని. ఆ దీవి రేవులో రెండు మూడుసార్లు ఆగాం. చుట్టలు చుట్టేచోటికి తీసుకెళ్ళారు. తొడల మీద చుడతారని ఎవడో కట్టిన కథ, నమ్మకండి. బల్లల మీద చుడతారు, బడిపిల్లల్లా వరసగా కూర్చుని. అందరికీ ఎదురుగా ఎత్తు కుర్చీలో ఒకడు కూర్చుని పేపరు చదివి వినిపిస్తుంటాడు. చేతులు ఆకుల మీద, చెవులు వాడి మీద. అబ్బ, ఎంత ముచ్చటేసిందో! ఇంటికొచ్చి అన్నయ్యకి గంటసేపు వర్ణించి చెప్పాను. అంతా విన్నాడు. విని ఏమడిగాడో తెలుసా?

'వాళ్ళు చేతులు కడుక్కుంటారా?'

అదీ మా అన్నయ్య.

సరే, పనిలోకి వద్దాం. ఆ నల్లది వద్దు. నల్లగా ఉంటే ఘాటు, లేతగా ఉంటే మెత్తన అంటారు, మీరూ అదే చెప్పబోయారు. పైఆకు రంగు చూసి ఘాటు చెప్పడం చొక్కా చూసి కోపం చెప్పడం లాంటిది. ఘాటంతా కడుపులో ఉంటుంది.

సన్నది చూపిస్తున్నారా? కొత్తవాడు కాబట్టి సన్నది. అందరూ చేసే పొరపాటే. సన్నది తొందరగా వేడెక్కుతుంది. కొత్తవాడు భయంతో గబగబా లాగుతాడు. నాలుక కాలుతుంది, కళ్ళు తిరుగుతాయి, అక్కడితో సరి. అలాగని ఆ రోకలిబండ కూడా వద్దు, అది పూర్తయ్యేసరికి మా వాడికి ఆపరేషను టైము అవుతుంది. నడిమి లావు. పొట్టిది. అదుగో, రెండో అరలో, ఎడమవైపు. ఆఁ, అదే.

తొడుగులు నాకొద్దు. వేళ్ళకి తెలియాలి.

చూడండి, నొక్కితే లోపలికి పోయి మళ్ళీ మెల్లగా పైకొస్తోంది, పసిపిల్ల బుగ్గలా. ఎక్కడా గడ్డ లేదు. ఈనెలు పైకి తేలలేదు. నోటి వైపు కొసకి అతికిన టోపీ నున్నగా అంటుకుంది. కాలే వైపు వాసన చూస్తే... చూడండి. ఎండిన గడ్డి. దాని వెనకాల కొంచెం తేనె. అంతే, తోలూ లేదు, మట్టీ లేదు.

ఇదే. కొత్తవాడికి ఇంతకన్నా మంచిది ఆ దీవిలో ఎవరూ చుట్టి ఉండరు.

పొద్దుటి నుంచి ఆయనకి ఎలా నేర్పాలా అని అనుకుంటూనే ఉన్నాను. కడుపులో ఏదో ఒకటి పడ్డాకే. చక్కెర దగ్గర పెట్టుకోవాలి, కళ్ళు తిరిగితే చప్పరించడానికి. టోపీ అంచు మాత్రమే కొయ్యాలి, లోతుగా కోస్తే పైఆకు మొత్తం విప్పుకుని పంచెలా జారిపోతుంది. గంధకం కంపు కొట్టే అగ్గిపుల్లతో ముట్టించకూడదు, ఆ కంపు మొదటి నాలుగు పీల్పుల్లోనూ ఉంటుంది. మంట తగలకూడదు, వేడి మాత్రం తగలాలి. పొగ మింగకూడదు. నోట్లో కాసేపు ఉంచుకుని, అతిథిని గుమ్మందాకా సాగనంపినట్టు పంపెయ్యాలి. నిమిషానికొక్కసారి చాలు. బూడిద దులపకూడదు, అదే రాలుతుంది. సగంలో ఆపెయ్యాలి.

ఈ పాఠమంతా ఆయనకి చెబితే ఏమంటాడో తెలుసా? 'ఇంత శ్రద్ధ చదువు మీద పెట్టి ఉంటే కలెక్టరువయ్యేవాడివి.'

ఆయనకి శ్రద్ధ తక్కువనుకోకండి. ఒక మాట చెబుతాను, ఆ తర్వాత కట్టండి.

ఒకసారి సెలవుకి వస్తూ ఒక పెట్టె తెచ్చాను. అసలైనది, చెక్క పెట్టె, ముద్రా గిద్రా అన్నీ ఉన్నాయి. పై గదిలో పెట్టి పక్క ఊళ్ళో స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. డాబా మీద ఏదో కదులుతోంది. ఎక్కి చూద్దును కదా, ఉతికిన దుప్పటి పరిచి ఉంది. ఒక పక్క మిరపకాయలు, మా వదినవి. రెండో పక్క, వరసగా, నా చుట్టలు!

తల మీద తడి తువ్వాలు వేసుకుని అన్నయ్య గొంతుక్కూర్చున్నాడు. చేత్తో ముట్టుకోడు కదా, పటకారుతో పట్టుకుని ఒక్కోదాన్నీ తిప్పుతున్నాడు. కాకులు వస్తే పటకారే విసురుతున్నాడు.

'ఏం చేస్తున్నావు అన్నయ్యా?' అన్నాను.

'పురుగు పట్టిందిరా. చూడు, సూది కన్నాలు. టార్చి వేసి చూశాను. నువ్వు చూసుకోకుండా లోపలికి లాగుదువు. ఇంకో పూట ఎండితే చస్తాయి. దరిద్రమైనా శుభ్రంగా ఉండాలి కదా!'

పప్పుకి పురుగు పడితే ఎండబెడతాం. బియ్యానికి పడితే ఎండబెడతాం. ఆయనకి తెలిసిన వైద్యం అది. చుట్టకి తేమే ప్రాణం అని ఆయనకెవరు చెబుతారు? నేను చెప్పాలి. నోరు తెరిచాను. ఆ మెడ వెనక చూశాను బాబూ. ఎండకి ఎర్రగా కమిలిపోయింది. మూసుకున్నాను.

పెట్టె మొత్తం తాగాను. ఒక్కటి పారెయ్యలేదు. గడ్డివాము తగలబెట్టి దాని పక్కన నిలబడ్డట్టుండేది, దానికి తోడు మిరప ఘాటు. దగ్గీ దగ్గీ కళ్ళ నీళ్ళు. కింద నుంచి అరిచేవాడు, 'ఎలా ఉందిరా?'

'బ్రహ్మాండం అన్నయ్యా!'

'ఛీ!' అనేవాడు. ఆ ఛీలో ఎంత సంతోషమో! పురుగు లేని దరిద్రం తాగుతున్నాడు తమ్ముడు అని.

ఏం చెబుతున్నాను? ఆఁ. కట్టండి. రెండు కట్టండి, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. పక్కన కూర్చుని నేనూ...

ఆగండి.

కాగితం చుట్టకండి. ఒక్క నిమిషం. ఇలా ఇవ్వండి, ఇంకోసారి వాసన చూస్తాను.

తేనె ఉంది. నిజంగా ఉంది.

ఇది ఆయన నోట్లో పెట్టుకుంటాడు. ఆ ముక్కు మామూలు ముక్కు కాదు బాబూ. మూకుడంత దూరం నుంచి నూనె ఎన్నిసార్లు కాగిందో చెప్పే ముక్కు. నాకు తెలిసిన తేనె ఆయనకి తెలీకుండా ఉంటుందా? నాకు తెలీనివి కూడా తెలుస్తాయి. ముట్టించిన కాసేపటికి కళ్ళు మూసుకుంటాడు. ఆ మొహం మెత్తబడుతుంది. అప్పుడు, ఆ గులకరాయి గొంతుతో అంటాడు, 'బాగుందిరా.'

బాగుందిరా!

ఆ తర్వాత? ఎల్లుండి పొద్దున్న ముక్కు తలుపు మూసేస్తారు. మంచం మీద పడుకుని ఉంటాడు. మాట్లాడలేడు, పలక మీద రాయాలి. పడుకుని ఏం ఆలోచిస్తాడండీ? ఇంత బాగుండేదాన్ని ఇన్నేళ్ళూ ఛీ అన్నానా అని. ఇంకేవేవి అలా ఛీ అన్నానో అని. ఒక్కోటీ తవ్వుకుంటాడు. ఏ హోటలు నూనె నిజంగా బాగుందో, ఎవణ్ణి ఊరికే ఏడిపించానో. పుట్టుగుడ్డివాడికి సాయంత్రం ఒక్క గంట చూపు తెప్పించి, పొద్దున్నే మళ్ళీ కళ్ళు కుట్టేసినట్టు కాదూ?

ఆయనకి మిగిలేది ఒకటేనండీ, తను అన్నది నిజమేనన్న గర్వం. అదీ నేను లాగేసుకోనా? తేనె వాసన చూపించి?

వద్దు. పెట్టేయండి. అరలో ఎక్కడిదక్కడ పెట్టేయండి. మంచి సరుకే, నా మాట మీద ఇంకెవరికైనా ఇవ్వండి. ఆ ఫోటోల పెద్దమనిషికి మాత్రం ఇవ్వకండి.

పదండి బయటికి.

ఆ గాజు మూత పెట్టె ఎక్కడ పెట్టారు? తియ్యండి ఇలా.

తిట్టాను. తిట్టలేదనడం లేదు. అందుకే ఇమ్మంటున్నాను. ఆ చప్పుడు చేసేది ఒకటి, దానికన్నా ఎండిపోయింది ఉంటే ఇంకోటి. అదుగో, మూల ఉన్నది, ఆకు లేచిపోయింది చూశారూ, అది నాకు.

క్యూబాదేనా అని అడుగుతాడు. బంగారు కాగితం మీద పేరుంది కదా, చదువుకుంటాడు. ఇద్దరం వేరువేరు కుర్చీల్లో కూర్చుంటాం. ముట్టిస్తాను. గోనెసంచీ, చెత్తా, ఎవడి చెప్పుల కింద దుమ్మో, అన్నీ ఒక్కసారి లేస్తాయి. నేను వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, 'ఆహా, బ్రహ్మాండం అన్నయ్యా' అంటాను. నాకు అలవాటే, ఒక పెట్టెడు సాధన ఉంది.

అప్పుడాయన అంటాడు. 'ఛీ! దీనికోసమట్రా నువ్వు జన్మంతా...'

గొంతు ఎంత పాడైనా ఆ ఒక్క మాట ఇంకా శుభ్రంగా పలుకుతోంది బాబూ. సగం గాలే కదా అది. ఎల్లుండి నుంచి ఆ గాలీ నోటికి రాదు. చిన్నప్పుడు నేను ముక్కు చీదితే అన్నాడు. లెక్కలు తప్పితే అన్నాడు. ఓడెక్కుతానంటే అన్నాడు, అని, రేవుదాకా వచ్చి నా పెట్టె మోశాడు. నాకు ఆ మాటే ఆశీర్వచనం. ఒక్కసారి, మనస్ఫూర్తిగా, కడుపులోంచి రావాలి. మంచి చుట్టకి అది రాదు.

ఇంకో మాట, మీ చెవిలోనే ఉండనివ్వండి. నేను మానేసి చాలా ఏళ్ళయింది. గుండె డాక్టరు మానమన్నాడు, మానేశాను. అన్నయ్యకి తెలీదు. రోజూ సాయంత్రం జేబులో ఒక పాత చుట్ట వేసుకుని డాబా ఎక్కుతాను, కాసేపు నోట్లో పెట్టుకుని దిగుతాను, ఆ పాత ఆకు కంపే ఆయన ముక్కుకి చాలు. మెట్ల దగ్గర నుంచి ఆ మాట అంటాడు. విని అన్నానికి వెళతాను. మానేశానని చెబితే ఇంక నన్నేమని పలకరిస్తాడండీ?

ఏం చూస్తున్నారు? పొట్లం కట్టండి. నేనూ తనలాగే ముట్టించనివాణ్ణని తెలిస్తే ఆ పెద్దమనిషి ఫోటో తీస్తాడు నన్ను.

ఒక అగ్గిపెట్టె కూడా వెయ్యండి. ఆ ఖరీదైన లైటరు కాదు, వద్దన్నానే, ఆ గంధకం కంపు కొట్టేదే. పని మొదలుపెట్టాక ఎక్కడా లోపం ఉండకూడదు. ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు.